ఎంగిలి పడని చుట్టాలు

మా నాన్నంత మర్యాదస్తుడు రాజమండ్రి బజారులో ఇంకొకరు ఉండరు. కూతుర్ని కాబట్టి చెప్పడం లేదు, ఎవర్ని అడిగినా అదే మాట. కొట్టుకి బెల్లం దిమ్మలు మోసుకొచ్చే ముఠా మనిషిని కూడా "రండి, కూర్చోండి" అంటారు. గొంతు పెంచరు, మాట తూలరు, ఎవరినీ ముఖం మీద కాదనరు. ఆ మర్యాదని నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎదురుగా కూర్చుని చూశాక నాకు తెలిసొచ్చింది ఒకటే. తిట్టే మనిషితో ఎలాగో బతకొచ్చు. తిరిగి తిట్టొచ్చు, ఏడవొచ్చు, తలుపు ధడాల్న వేసుకోవచ్చు. నవ్వుతూ చేతులు జోడించే మనిషిని ఏం చేస్తాం?

మాది తాతల నాటి నుంచీ పప్పుదినుసుల వ్యాపారం. ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. మా ఆయన వాళ్ళది ఉప్పాడ దగ్గర వేట మీద బతికే కుటుంబం. మామయ్యగారు సముద్రం మీదికి వెళ్ళేవారు, మోకాళ్ళు అరిగిపోయాక మానేశారు. అత్తయ్య ఇప్పటికీ పిఠాపురం మార్కెట్లో చేపలమ్ముతుంది. వాళ్ళు మొదట కట్టుకున్న ఇల్లు సముద్రంలో ఉంది. ఇప్పుడున్నది ఎన్నాళ్ళుంటుందో తెలీదు.

ఇద్దరం కాకినాడలో ఒకే కాలేజీలో చదివాం. ప్రేమించుకున్నాం, ఇళ్ళల్లో చెప్పాం. మా ఇంట్లో పెద్ద గొడవ అవుతుందని నేను బట్టల బ్యాగు కూడా సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాను. గొడవ కాలేదు. నాన్న కొన్నాళ్ళు ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా తిరిగి, ఒక పొద్దున కొట్టుకి బయలుదేరుతూ "నీ ఇష్టమేనమ్మా" అన్నారు. అన్నవరం కొండ మీద పెళ్ళి చేశారు. మా ఆయన కాళ్ళు పళ్ళెంలో పెట్టించి, ఎవరికీ చెయ్యనంత శ్రద్ధగా కడిగారు. చూసినవాళ్ళంతా "ఆహా, ఎంత పెద్ద మనసండీ" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఆ రోజు భోజనాలు మా వైపువి. మా వంటవాళ్ళు వండారు, మావాళ్ళు వడ్డించారు, అత్తయ్య వాళ్ళు తిన్నారు. పెట్టడంలో మా నాన్నకి లోటేం లేదు. తినడం దగ్గరే వచ్చింది తంటా అంతా.

కాకినాడలో మేం అద్దెకి దిగి పాలు పొంగించుకున్న రోజు అమ్మా నాన్నా వచ్చారు. పట్టుబట్టలు తెచ్చారు, మిక్సీ తెచ్చారు, రావులపాలెం నుంచి తెప్పించిన అరటి గెల ఒకటి కారులో వేసుకొచ్చారు. పరమాన్నం నేనే వండాను, కొత్త గిన్నెలో, కొత్త పొయ్యి మీద. ఆ ఇంట్లోకి చేపముక్క ఇంకా రానేలేదు. అత్తయ్య గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, "అన్నయ్యగారూ, కాస్త ఎంగిలి పడండి. పిల్లలు సంబరపడతారు" అంది. మా వైపు ఇంటికొచ్చినవాళ్ళని అలాగే అడుగుతాం. ఏదీ నోట్లో వేసుకోకుండా వెళ్ళిపోతే ఆ ఇంటివాళ్ళకి తలవంపులు.

నాన్న రెండు చేతులూ జోడించారు. "అయ్యో, ఎంత మాటండీ! దారిలో టిఫిన్ చేసే వచ్చామండీ. కడుపులో చోటు లేదండీ, ఏమనుకోకండి" అన్నారు. అని, తాము తెచ్చిన గెలలోంచే ఒక పండు తుంచుకుని, వలుచుకుని తిన్నారు. కారులోంచి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు తాగారు. అమ్మ కూడా పరమాన్నం గిన్నె వైపు ఒకసారి చూసి, "పంచదార నాకు పడదమ్మా" అంది. అది బెల్లంతో వండిన పరమాన్నం.

అత్తయ్యకి ఆ అరటిపండే కంటపడింది. ఆ తర్వాత వాళ్ళు ఎప్పుడొస్తున్నారన్నా సంచి నిండా పళ్ళు మోసుకొచ్చేది. "మీ నాన్నగారికి అరటిపళ్ళంటే ప్రాణం కదమ్మా!" అనేది. తొక్క ఉన్న పండైతే లోపలికి మన చెయ్యి తగలదు, అందుకని తింటున్నారని ఆవిడకి నేనెలా చెప్పను? చెప్పకపోయినా ఆవిడకి తెలుసేమోనని నాకిప్పుడు అనుమానం.

దీపావళికి వస్తే డాక్టరు వద్దన్నారు. పెళ్ళిరోజుకి వస్తే శనివారం, ఒంటిపూట. ఉప్పాడ తీరం చూపిస్తామని తీసుకెళ్తే కారులో కడుపు తిప్పింది. ఒక్కసారి కూడా వట్టి చేతులతో రాలేదు. ఫొటోలు దిగేటప్పుడు అందరికంటే ముందు నిలబడి, మామయ్యగారి భుజం మీద చెయ్యి వేసేవారు. "మా వియ్యాలవారు బంగారమండీ" అని నలుగురిలో చెప్పేవారు. అబద్ధం చెప్తున్నట్టు ఉండేది కూడా కాదు.

నాకు ఆయన దగ్గర్నుంచి నగ వద్దు, స్థలం వద్దు. నా చేత్తో వడ్డించింది ఒక్క ముద్ద మా నాన్న తినాలి. అంతే. అది జరిగితేనే నాకు పెళ్ళయినట్టు. లేకపోతే ఆ కొండ మీద జరిగింది ఉత్త తంతు. ఇది చాదస్తమంటే అననీండి, నాకేం సిగ్గు లేదు.

మా ఆయన మాత్రం నవ్వేసేవాడు. ఆదివారం వస్తే చాలు, బండి తీసి ఎక్కడికో అక్కడికి పోవాలి ఆయనకి. యానాం వెళ్ళాం, అంతర్వేది వెళ్ళాం, కోనసీమలో పేర్లు తెలియని ఊళ్ళన్నీ తిరిగాం. కాలవగట్టు మీద పాక హోటల్ కనిపిస్తే బ్రేకు పడాల్సిందే. పెసరట్టు ఉప్మా, పుల్లట్లు, వేడివేడి బజ్జీలు, ఎవరేం పెట్టినా తింటాడు. ఒకసారి గోదావరి దాటడానికి పంటు ఎక్కితే, పక్కన కూర్చున్న ముసలావిడ మూట విప్పి మరమరాల ఉండలు తింటోంది. ఈయన తదేకంగా చూస్తుంటే నవ్వి ఒకటి చేతిలో పెట్టింది. సిగ్గు లేకుండా "మా ఆవిడకి కూడా ఒకటివ్వు మామ్మా" అని అడిగి తీసుకున్నాడు. నేను ఆ ఉండ కొరుకుతూ ఏడ్చేశాను. "ఏంటే, పన్ను విరిగిందా?" అన్నాడు. పరాయిదాని మూటలోంచి ఇంత సులువుగా తినే మనిషిని, మా నాన్న ఎంత దూరంలో కూర్చోబెట్టారో తలుచుకుంటే కడుపు మండిపోయింది.

దూరం అంటే పైకి కనిపించే దూరం కాదు. పండగకి మేం రాజమండ్రి వెళ్తే నాన్న స్వయంగా ఈయనకి వడ్డిస్తారు. "అల్లుడుగారూ, ఇంకొక్క బొబ్బట్టు, నా మాట కాదనకండి" అని కొసరి కొసరి నెయ్యి వేస్తారు. మా అక్క మొగుడున్నాడు, మా మేనత్త కొడుకే. అతన్ని మాత్రం "ఏరా, కంచం దగ్గర నిద్రపోతావేంట్రా" అని వీపు మీద చరుస్తారు. అతని కంచంలోంచి అప్పడం ముక్క విరుచుకుని తింటారు. మా ఆయన అదంతా చూస్తూనే బొబ్బట్లు లాగించేవాడు. బయటికొచ్చాక "మీ నాన్న నన్ను ఒక్కసారి ఒరేయ్ అంటే బాగుండునే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

పోయిన కార్తీకంలో నాన్న ఫోన్ చేశారు. కార్తీకమాసం అంటే మా వైపు వనభోజనాలు, అందరికీ తెలిసిందే. తోటలో ఉసిరి చెట్టు కింద వంటలు, పిల్లలకి ఆటలు, ఆడవాళ్ళకి తంబోలా. బయటికి ఎవరూ అనరు గానీ కులానికో తోట. నేను కూరగాయలు తరుగుతూ ఫోన్ స్పీకర్లో పెట్టాను. మా ఆయన పక్కనే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"తోటకి మనవాళ్ళంతా వస్తున్నారమ్మా. నువ్వు తప్పకుండా రావాలి. అల్లుడుగారికి పాపం పోర్టులో డ్యూటీ ఉంటుందేమో, ఆయన్ని ఇబ్బంది పెట్టకు" అన్నారు.

"డ్యూటీ లేదు నాన్నా. ఆదివారం సెలవే."

ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అలాగా! అయితే ఆ ఒక్క రోజైనా విశ్రాంతి తీసుకోమనమ్మా. వారమంతా కష్టపడతారు కదా" అన్నారు.

మా ఆయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, "డ్యూటీ ఉందని చెప్పెయ్యకపోయావా" అన్నాడు మెల్లగా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు, ఇద్దరి మీదా అనుకుంటా. "నేను రాను నాన్నా, మనమే వేరే పెట్టుకుందాం వనభోజనం. మీరూ అమ్మా రండి, మా అత్తయ్య వస్తుంది. బోటెక్కి పాపికొండలు వెళ్దాం" అన్నాను. ఆ నిమిషంలో పుట్టిన ఆలోచన అది. అయినా ఎంత మంచి ఆలోచనో నాకు వెంటనే అర్థమైంది. నీళ్ళ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండాలి. దిగి పోవడానికి లేదు, కారులోంచి సీసా తెచ్చుకోవడానికి లేదు. బోటులో వంట బోటువాళ్ళదే, అంతా శాకాహారం. గిన్నెలు మావి కావు, పొయ్యి మాది కాదు. ఇంక ఏ వంక పెడతారు?

నాన్న వంక పెట్టలేదు. "చాలా బాగుందమ్మా, అందరం కలిసి సరదాగా" అన్నారు.

అత్తయ్యకి ఈ సంగతి చెప్పగానే చిన్నపిల్ల అయిపోయింది. మామయ్యగారు మోకాళ్ళతో బోటెక్కలేరు, ఇంటి దగ్గరే ఉంటానన్నారు. ఈవిడ మాత్రం ఆ రోజు నుంచే చేప నోట్లో పెట్టడం మానేసింది. ఒక్క సోమవారాలే కాదు, కార్తీకం వెళ్ళేదాకా. పొద్దున్నే గంప నెత్తినెత్తుకుని వెళ్ళి, అమ్ముకుని వచ్చి, చారూ అన్నం తినేది. "ఎందుకత్తయ్యా ఇంత కష్టం?" అంటే, "మీ నాన్నగారి పక్కన కూర్చోవాలి కదమ్మా, వాసన రాకూడదు" అంది. ఆ మాట విని వంటింట్లోకి వెళ్ళిపోయాను. అమ్మకి పెట్టడానికని జరీ చీర కూడా ఒకటి తీసింది. ఆ చీర అమ్మ ఎంతో ఇష్టంగా తీసుకుంది, బోటులోకి అదే కట్టుకొచ్చింది. చీరకి అడ్డేముంది!

రాజమండ్రిలో అందరం కలుసుకుని వ్యానులో గండిపోశమ్మ గుడి దాకా వెళ్ళి బోటెక్కాం. కాసింత చలి, నీళ్ళ మీద పొగమంచు. అందరికీ నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఇచ్చారు. నాన్న తిరగేసి వేసుకుంటే మా ఆయన వెళ్ళి సరిచేసి, బకిల్స్ పెట్టాడు. "ఇప్పుడు మీరు హీరోలా ఉన్నారండి మామయ్యగారూ" అంటే నాన్న నిజంగా నవ్వారు. కొట్టు దగ్గర నవ్వే నవ్వు కాదది. మైకులో పాటలు మొదలయ్యాయి. కొత్తగా పెళ్ళయిన జంటలన్నీ డాన్స్ చెయ్యాలని మైకు పట్టుకున్నతను గోల. మాది కొత్త కాదని నేను మొత్తుకుంటున్నా మా ఆయన లాక్కెళ్ళాడు. ఆయన డాన్స్ చూసి బోటు బోటంతా పడి పడి నవ్వింది. నాన్న చప్పట్లు కొట్టారు. అమ్మ ఫోన్లో వీడియో తీసింది. అత్తయ్య సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంది.

అంతకుముందే టిఫిన్ పెట్టారు. ఇడ్లీ, ఉప్మా. నాన్న కంచం తీసుకుని కిటికీ పక్కన కూర్చుని తిన్నారు. చట్నీ రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఎవరు వండారో, ఎవరు గిన్నెలు తోమారో, ఒక్క ప్రశ్న లేదు. నేను మా ఆయన చెయ్యి గిల్లాను. "చూశావా! ఇన్నాళ్ళూ ఊరికే ఏడ్చి చచ్చావు. ఆకలేస్తే మీ నాన్నైనా తింటారే" అన్నాడు చెవిలో. నిజమేననిపించింది. కొండల మధ్య నది సన్నబడి, రెండు వైపులా పచ్చగా అడవి దగ్గరికొస్తుంటే, నా అంత అదృష్టవంతురాలు లేదనిపించింది. అలా అనుకున్నందుకు నా చెంప నేనే వాయించుకోవాలి.

పేరంటాలపల్లిలో దిగి గుడి చూసుకుని బోటెక్కగానే భోజనాలు మొదలయ్యాయి. జనం నిండా ఉన్నారు, వడ్డించేవాళ్ళు ఇద్దరే. అన్నం, పప్పు, వంకాయ కూర, సాంబారు ఒక దఫా తిరిగాయి. నాన్న కూర్చుని తింటున్నారు. పప్పు బాగుందని అమ్మతో అంటున్నారు కూడా. పులిహోర గిన్నె మా వరసకి రావడం ఆలస్యమైంది. అత్తయ్య అంతసేపు ఎలా ఊరుకుంటుంది? వియ్యంకుడు తింటుంటే వియ్యపురాలు చేతులు ముడుచుకు కూర్చోవడం మా గోదావరి మనుషులకి చేతకాదు. లేచి వెళ్ళి, వడ్డించే పెద్దాయన చేతిలోంచి ఆ గిన్నె అందుకుంది. "మా వియ్యంకుడుగారికి నేను వేస్తానండీ, మీరు అటు చూసుకోండి" అని, గరిటె నిండా పులిహోర తీసి నాన్న కంచం మీదికి వంగింది.

నాన్న కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టారు.

"చాలండి చెల్లెమ్మగారూ. కడుపు నిండిపోయిందండీ" అన్నారు. అదే నవ్వు.

కంచంలో అన్నం సగం అలాగే ఉంది. అత్తయ్య ఆ గరిటె పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. మా ఆయన చూశాడు. పొద్దున్నుంచి నవ్వుతున్న ముఖం ఒక్కసారిగా మాడిపోయింది. అత్తయ్య మాత్రం తమాయించుకుంది. నా దగ్గరకొచ్చి గిన్నె నా చేతిలో పెట్టి, "ఆయనకి నా దగ్గర మొహమాటంలే అమ్మా. నువ్వెయ్యి, కన్నకూతురివి. నువ్వేస్తే కాదనరు" అంది.

నేను లేచాను. అత్తయ్యకి జరిగిన అవమానానికి ఒళ్ళంతా వేడెక్కిపోయింది, అయినా లోపల ఎక్కడో పాడు ఆశ. నన్ను కాదనరు. ఎందుకు కాదంటారు? చిన్నప్పుడు బడికి సెలవైతే కొట్టుకి క్యారేజీ తీసుకెళ్ళి ఆయనకి వడ్డించింది నేను. గోనె బస్తాల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, "మా తల్లి చేత్తో వేస్తే రెండు ముద్దలు ఎక్కువ తింటాను" అనేవారు. ఇన్నాళ్ళూ ఆయనకి పడనిది మా అత్తయ్య చెయ్యి, మా ఇంటి పొయ్యి, చేపలు వండిన గిన్నెలు అనుకున్నాను. ఇక్కడ పొయ్యి మాది కాదు, గిన్నెలు మావి కావు, ఇప్పుడు వడ్డించేది అత్తయ్య కాదు. నేను మాత్రమే ఉన్నాను.

దగ్గరికెళ్ళి, "నాన్నా, కొంచెం పులిహోర" అన్నాను.

అరచెయ్యి కంచం మీంచి కదల్లేదు. "చాలమ్మా" అన్నారు.

"ఒక్క గరిటె నాన్నా. నేనేస్తున్నాను కదా."

"వద్దు తల్లీ. నిజంగానే చాలు" అన్నారు. నా ముఖంలోకి చూడలేదు. నా చేతిలో గరిటె వైపు చూశారు.

ఈలోపు వడ్డించే పెద్దాయన ఇంకో గిన్నెతో మా వరసలోకి వచ్చాడు. నన్ను తప్పించుకుని ముందుకి వంగి, "పెరుగన్నం వెయ్యమంటారా అండీ?" అన్నాడు. నాన్న చెయ్యి తీశారు. "కొంచెం వెయ్యండి" అన్నారు. ఆయన రెండు గరిటెలు వేసి, పక్కనే ఊరగాయ పెట్టి వెళ్ళిపోయాడు.

పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా బోటంతా ఉందని కూడా చూడకుండా గట్టిగానే అడిగాను. "నా చెయ్యి కూడానా నాన్నా?"

అమ్మ అత్తయ్య పెట్టిన చీర కొంగు సర్దుకుంటూ కిటికీలోంచి నీళ్ళ వైపు తిరిగిపోయింది. నాన్న కొంచెం కూడా తొట్రుపడలేదు. "ఎండ ఎక్కువైందమ్మా, నీడలో కూర్చో. కళ్ళు తిరుగుతాయి" అన్నారు ఎంతో ప్రేమగా. తర్వాత పెరుగన్నం కలుపుకున్నారు. నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉండగా, నా కళ్ళముందే, ఊరగాయ నంజుకుంటూ, మెతుకు వదలకుండా తిన్నారు.